దీపం పెట్టిన చేత్తోనే పురుగుమందా?

ఈ కార్తీకంలో తిరువూరులో మా పెరట్లో నన్ను నిలబెట్టేసిన ఒక ప్రశ్న మీతో పంచుకుంటాను.

శ్రావణంలో అమ్మమ్మ పెట్టిన చిక్కుడు పాదు పందిరంతా అల్లుకుంది. దసరాకి వెళ్ళినప్పుడు దాని పక్కనే నేను రెండు మడులు చేసి పాలకూర, కొత్తిమీర, ముల్లంగి విత్తాను. చలి మొదలవగానే చిక్కుడు పూతకొచ్చింది. పూతతో పాటే పేనుబంకా వచ్చింది. లేత కొసలన్నీ నల్లబడ్డాయి.

వేపగింజల కషాయం చేశాను. లీటరు నీళ్ళకి 50 గ్రాముల పప్పు దంచి, రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొంచెం సబ్బుపొడి కలపడమే. అది ఎండ తగ్గాక కొట్టాలి. అంటే సరిగ్గా తులసికోట దగ్గర దీపం పెట్టే వేళ! పురుగులు, దోమలు, చెట్లు, నీటిలో నేలమీద ఉండే ప్రాణులన్నీ ఈ వెలుగు చూసి తరించాలనే కదా ఆ శ్లోకానికి అర్థం. ఆ మాట పలికి, వెనక్కి తిరిగి స్ప్రేయర్ అందుకోవాలి. చెయ్యి రాలేదు.

“ఇది పాపం కాదా అమ్మమ్మా?” అంటే, “ఇల్లు ఊడ్చేటప్పుడు చీమలు చావట్లేదటే?” అంది.

ఆలోచిస్తే శాస్త్రమూ ఆ మాటే అంటోంది. మనుస్మృతి 3వ అధ్యాయంలో పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్ళకుండ, ఈ ఐదింటినీ గృహస్థు ఇంట్లోని హింసాస్థానాలుగా చెప్పారు. భారతం అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడు కూడా, నాగలి దున్నినా ఎన్నో ప్రాణులు పోతాయని కౌశికుడికి గుర్తుచేస్తాడు. హింస అసలు లేని బతుకు లేదు.

అయితే ఏం చేసినా ఫర్వాలేదా? కాదండి. అదే మనువు ఆ ఐదింటికి పంచ మహాయజ్ఞాలు చెప్పాడు. అందులో ఒకటి భూతయజ్ఞం, అంటే సాటి ప్రాణులకి వాటి భాగం పెట్టడం. నాకర్థమైంది ఏంటంటే, తప్పనిసరి హింస మనకి హక్కు కాదు, అప్పు. అప్పు ఎంత తక్కువ చేస్తే అంత మంచిది.

అందుకే ముందు నీళ్ళతో కడిగాను. మరీ పట్టేసిన కొసలు తుంచాను. పేనుబంకని తినే అక్షింతల పురుగులు కనిపించిన కొమ్మల్ని వదిలేశాను. మిగతావాటికే కషాయం కొట్టాను. వేపే కదా అని చంపడం చంపడం కాకుండా పోదు, అదీ తెలుసు.

తర్వాత కాళ్ళు చేతులు కడుక్కుని దీపం పెట్టాను. శ్లోకం మాత్రం రోజూ చదివినట్టు గబగబా చదవలేకపోయాను.