పడేవాడి పని

పోర్ట్‌బ్లెయిర్ లంబాలైన్‌లో సినిమా చూడాలంటే రిమోట్ చేతిలోనే ఉండాలి. విమానాశ్రయం పక్కనే కాపురం. విమానం దిగినప్పుడల్లా సినిమా ఆపడం, చప్పుడు పోయాక నాలుగు మాటలు వెనక్కి తిప్పుకోవడం మాకు అలవాటే. మొన్న ఆదివారం తమ్ముడూ నేనూ అలా ఆపుకుంటూ 'ఫైటింగ్ విత్ మై ఫ్యామిలీ' చూశాం. స్టీఫెన్ మర్చంట్ తీసిన సినిమా, 2019లో వచ్చింది. ఇంగ్లండులో నారిచ్ అనే ఊళ్లో అమ్మా నాన్నా పిల్లలూ అందరూ రెజ్లర్లే అయిన ఒక ఇంటి కథ. కల్పన పాలు కొంత ఉన్నా మనుషులు నిజం. చానల్ 4 వాళ్లు 2012లో ఆ ఇంటి మీద డాక్యుమెంటరీ కూడా వేశారు.

మొదట్లోనే ఒక దృశ్యం ఉంది. చిన్న పిల్లలిద్దరు టీవీ చానల్ కోసం కొట్టుకుంటుంటారు. అన్న చెల్లెలి మెడ చుట్టూ చెయ్యి వేసి బిగిస్తాడు. తండ్రి గదిలోకొచ్చి ఏమిటిదని గదుముతాడు. విడదీస్తాడని మనం అనుకుంటాం. ఆయన విడదీయడు, పట్టు సరిగ్గా ఎలా బిగించాలో చూపిస్తాడు. తమ్ముడు పడీ పడీ నవ్వాడు.

మా చిన్నప్పుడు ఈ కుస్తీ కేబుల్ టీవీలోంచి ట్రంప్ కార్డుల్లోకి వచ్చింది, కార్డుల్లోంచి మా మంచం మీదికి వచ్చింది. "అదంతా ఉత్తుత్తిదేరా" అనేవారు నాన్న. ఆయన మాటలో అబద్ధం లేదు. ఎవరు గెలవాలో ముందే రాసి ఉంటుంది. 1989లో, క్రీడలకుండే నియంత్రణల నుంచి తప్పించుకోవడానికి, ఇది వట్టి వినోదమేనని ఈ కుస్తీ నడిపే పెద్ద కంపెనీయే న్యూజెర్సీ ప్రభుత్వం దగ్గర ఒప్పుకుంది. ఒప్పుకున్నాక కూడా జనం మానలేదు. మానతారని ఎందుకనుకోవాలి? నాటకంలో హరిశ్చంద్రుడికి నిజంగా రాజ్యం పోలేదని తెలిసీ మన వాళ్లు తెల్లవార్లూ కూర్చుని కళ్లు తుడుచుకునేవారు కదా.

ఉత్తుత్తిది గెలుపు ఒక్కటే. పడటం నిజం. ఈ పని నేర్చుకోవడానికి వచ్చినవాడికి మొదట పడటమే నేర్పుతారు. గడ్డం ఛాతీకి ఆనించాలి, లేకపోతే తల వెనక భాగం నేలకు కొట్టుకుంటుంది. వీపు మొత్తం ఒకేసారి ఆనేలా పడాలి, చేతులు చాచి నేలను చరచాలి, ఊపిరి వదిలెయ్యాలి. అవతలివాడు ఎత్తి కుదేసేటప్పుడు ఇవతలివాడు తనంతట తాను గెంతి సాయం చేస్తాడు. ఎత్తేవాడి బలం సగం, ఎత్తించుకునేవాడి గెంతు సగం. పడ్డాక వీడు విలవిల్లాడకపోతే వాడు బలశాలి కాడు. "కింద పడ్డా పైచేయి నాదే" అని మనం ఎకసెక్కానికి అంటాం. ఈ గోదాలో ఆ సామెతకు ఎకసెక్కం పోయి, లెక్క ఒక్కటే మిగులుతుంది.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు. బలశాలి అంటే ఆయనకు ఒకే ఒక్క వీరుడు: వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు. కలియుగ భీముడు. సర్కస్ పెట్టి దేశాలు తిరిగాడు, గొలుసులు తెంచాడు, ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకున్నాడు. చివరి రోజుల్లో కాలు తీసేయాల్సి వచ్చింది. 1942లో పోయాడు. విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం చూసినప్పుడల్లా నాకొక వంకర సందేహం వస్తుంది. ఆ ఏనుగును నడిపించిన మావటి ఎవరు? ఒక్క అడుగు అటూ ఇటూ పడకుండా చూసిన ఆ మనిషికి ఆ పూట గుండె ఎలా కొట్టుకుని ఉంటుంది?

విరాటపర్వంలో ద్రౌపది గుండె ఎలా కొట్టుకుందో మాత్రం భారతం చెప్పింది. భీముడు వలలుడన్న పేరుతో వంటవాడై జీమూతమల్లుణ్ని కూల్చాక, రాజుకి సరదా పట్టి అతణ్ని అంతఃపురంలో మృగాలతో పోరాడిస్తాడు. ఆడవాళ్లంతా చూసి నవ్వుతారు. సైరంధ్రిగా ఉన్న ద్రౌపదికి కళ్లు తిరుగుతాయి. వంటవాడి మీద సైరంధ్రికి మనసేమో అని రాణి సుదేష్ణ ఎత్తిపొడుస్తుంది. చూసేవాళ్లకి వేడుక, ఇంటి మనిషికి ప్రాణాంతకం. గోదా పక్కన నిలబడ్డ తల్లి సంగతీ ఇంతే. ఫలితం ముందే తెలిసినా, కూతురు గాల్లోకి లేచినప్పుడు ఆ తెలివి ఆవిడకు ఏం అక్కరకొస్తుంది?

కథలోకి వస్తే, అన్న జాక్, చెల్లెలు సరయా ఇద్దరూ పెద్ద కంపెనీ పరీక్షకి వెళతారు. ఆమెను తీసుకుంటారు, అతణ్ని వద్దంటారు. ఆమె అమెరికా వెళ్లి పెయిజ్ అయింది. (గోదాలో పేరు మారడం మామూలే. మా ఊరు కూడా 2024లో శ్రీ విజయపురం అయింది, నోరు ఇంకా పోర్ట్‌బ్లెయిర్ అనే అంటోంది.) జాక్ నారిచ్‌లో మిగిలిపోయాడు. ఊరి పిల్లలకు కుస్తీ నేర్పుతుంటాడు, వాళ్లలో చూపులేని కుర్రాడొకడు. క్రిస్మస్‌కి చెల్లెలు ఇంటికొచ్చినప్పుడు సొంత గోదాలోనే, ముందు అనుకున్నది పక్కనపెట్టి, ఆమెను నిజంగా కొడతాడు. సినిమా మొత్తంలో నన్ను కదిలించింది ఆ రెండు నిమిషాలే. అందర్నీ నమ్మి వీపు అప్పగించే పని అది. ఆ వీపు మీదే అతను తన కడుపుమంట తీర్చుకున్నాడు.

కంపెనీ కోచ్ అతణ్ని ఎందుకు వద్దన్నాడో తర్వాత తెలుస్తుంది. పెద్ద స్టార్లు వెలగడానికి కింద పడే పని ఒకప్పుడు ఆ కోచ్ కూడా చేసినవాడే. ఈ కుర్రాడి రాతలో అదే కనిపించింది. దయతోనే కాదన్నాడు. కానీ కుర్రాణ్ని అడిగాడా?

నేను ఇంటర్ అయ్యాక విశాఖ ఓడెక్కాను. తమ్ముడు టెన్త్‌తో ఆపి జంగ్లీఘాట్‌లో నాన్న కొట్టులో కూర్చున్నాడు. ఎవరూ వాణ్ని అడగలేదు, వాడూ కాదనలేదు. కాదనకపోవడం ఒప్పుకోవడమేనా? ఎత్తడంలో సగం ఎత్తించుకునేవాడి గెంతేనని ఇందాకే రాశాను. మరి వాడు గెంతాడా, లేక మేమంతా కలిసి తోశామా? త్యాగం అన్న మాట ఎప్పుడూ పైకెక్కినవాడి నోటే వినపడుతుందెందుకు?

అమెరికాలోని టెక్సస్‌లో ఇలాంటిదే ఇంకో ఇల్లు: ఫ్రిట్జ్ వాన్ ఎరిక్ అనే మల్లుడికి ఆరుగురు కొడుకులు. ఒకడు చిన్నతనంలోనే పోయాడు. మిగిలిన ఐదుగురూ తండ్రి దారే పట్టారు. చివరికి బతికి మిగిలింది ఒక్కడే. ఆ కథను 'ది ఐరన్ క్లా' అని 2023లో తీశారు, అందులో నవ్వడానికేం లేదు. నారిచ్ ఇంటి మీద కామెడీ, టెక్సస్ ఇంటి మీద శోకం తీశారంటే తేడా తండ్రుల్లో ఉందా, కెమెరా ఎక్కడ ఆపారన్న దాంట్లో ఉందా? మేం చూసిన సినిమా 2014 ఏప్రిల్‌లో ఆగుతుంది. న్యూ ఆర్లీన్స్‌లో ఇరవై ఒక్కేళ్ల పెయిజ్ బెల్టు గెలిచిన రాత్రి అది. నాలుగేళ్ల తర్వాత, మళ్లీ ఏప్రిల్‌లోనే, అదే అరీనాలో నిలబడి, మెడ దెబ్బ వల్ల ఇక ఆడలేనని చెప్పింది. సినిమా విడుదలయ్యేనాటికే ఇది జరిగిపోయింది. 2022లో మళ్లీ గోదాలోకి దిగింది, ఈసారి సరయా అన్న సొంత పేరుతోనే. అందువల్ల ఈ కథ సుఖాంతమో కాదో నాకు తేలలేదు.

తమ్ముడికి ఇవేవీ చెప్పలేదు. ఆఖరి పోటీ మంచి ఊపులో ఉండగా విమానం దిగింది. రిమోట్ నొక్కాను. చప్పుడు పోయాక, మాటలు కూడదీసుకుని, "నీకెప్పుడైనా అనిపించిందా" అని మొదలుపెట్టాను.

"ముందు అది పెట్టన్నయ్యా."

చివరిదాకా చూశాం. పేర్లు పడుతుంటే రిమోట్ నా చేతిలోంచి తీసుకుని మొదటికి తిప్పాడు. పిల్లలు, టీవీ, మెడ చుట్టూ చెయ్యి, తండ్రి. ఈసారీ నవ్వాడు, కానీ ఇందాకటంత గట్టిగా కాదు.

"నాన్న కూడా ఇంతే కదా," అన్నాడు.