ఎర్ర అంకె

"పూర్వం పొద్దున్నే లేచి అరచేతులు చూసుకునేదానివి. ఇప్పుడు అరచేతిలో ఉన్నదాన్ని చూసుకుంటున్నావు" అన్నారు మావారు, కాఫీ గ్లాసు కింద పెడుతూ.

ఆయన వెటకారం నాకు కొత్త కాదు. కానీ ఆ రోజు మాత్రం జవాబు తోచలేదు. ఎందుకంటే నిజంగానే ఇంకా మొహం కూడా కడుక్కోకుండా ఫోను తెరిచి నా డబ్బు రాత్రికి రాత్రి ఎంతయిందో చూసుకుంటున్నాను. డికాక్షన్ దిగిందో లేదో చూడలేదు. పాలు పొంగిపోయాయి కూడాను!

ఈ వ్యవహారం ఎలా మొదలయిందో చెబుతాను. పడమటి ప్రకాశం అని పిలుచుకునే మా వైపు, ఈ చంద్రశేఖరపురంలో, ముప్ఫై ఏళ్లకు పైగా బడిపిల్లలకు ఎక్కాలూ లెక్కలూ నేర్పి 2021లో రిటైరయ్యాను. వచ్చిన సొమ్ములో కొంత మందులకనీ మాకులకనీ బ్యాంకులో వేసుకున్నాం. ఓ పన్నెండు లక్షలు మాత్రం హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి మ్యూచువల్ ఫండ్లలో పెట్టించింది. "ఏ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదమ్మా. అన్నీ ఒక్కచోటే కనపడతాయి" అని నా ఫోనులో ఏదో దింపి వెళ్లింది. దాన్ని పోర్ట్‌ఫోలియో అంటారట. నేను మాత్రం 'మొత్తం లెక్క' అంటాను.

తెరవగానే పైన పెద్ద అక్షరాల్లో ఇవాళ్టి విలువ. దాని కింద మనం పెట్టిన సొమ్ము. ఆ పక్కన లాభం, ఏడాదికి ఎంత శాతం చొప్పున పెరిగిందో ఆ లెక్క. వీటన్నిటికంటే ముందు కంటికి తగిలేది ఇంకొకటుంది. 'ఒక్కరోజు మార్పు'. పెరిగితే పచ్చగా, తగ్గితే ఎర్రగా.

మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, ఈ ఫండ్ల యూనిట్ ధర పనిదినాల్లో రోజుకి ఒక్కసారే కడతారు. బజారు మూసేశాక లెక్కగట్టి రాత్రికి ప్రకటిస్తారు. అంటే పగలంతా పదిసార్లు చూసినా ఆ అంకె మారదు. ఈ సంగతి నాకూ తెలుసు. తెలిసీ పదిసార్లు చూసేదాన్ని. కూర తరుగుతూ ఒకసారి, సీరియల్ మధ్యలో ఒకసారి. ఎర్రగా ఉంటే ఆ పూట పప్పులో ఉప్పు తక్కువయ్యేది. పచ్చగా ఉంటే మావారికి రెండో కాఫీ దక్కేది.

ఇప్పుడు తలుచుకుంటే మా అమ్మకీ ఒక మొత్తం లెక్క ఉండేది. మెంతుల డబ్బా అడుగున నోట్లు, వంటింటి తలుపు వెనక సుద్దముక్కతో గీసిన పాల లెక్క. ఇక పలకలకు మాకు కొదవేమిటి? మార్కాపురం పలకలు ఎరగని వాళ్లెవరు? విరిగిపోయిన నా పలక ముక్క ఒకటి గూట్లో పెట్టుకుని దాని మీద చీటీపాట లెక్క రాసుకునేది. నెలకోసారి తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాసేది. ఆ పలక మీద ఎప్పుడూ రెండే వరసలు. ఎంత ఉంది, ఎవరికి ఇవ్వాలి. నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత తగ్గిందన్న వరస దాని మీద ఎన్నడూ చూసిన గుర్తు లేదు.

ఇదంతా తమాషాగానే సాగిపోయేది. 2024 జూన్‌లో జరిగిన ఒక్క సంగతి లేకపోతే నేనీ వ్యాసం రాసేదాన్నీ కాదు.

ఆ జూన్ 4 మీకు గుర్తుండే ఉంటుంది. పార్లమెంటుకీ మన అసెంబ్లీకీ ఓట్లు లెక్కపెట్టిన రోజు. ఊరంతా టీవీలకు అతుక్కుపోయింది. ఆ ఒక్కరోజులో బొంబాయి సెన్సెక్స్ 4,390 పాయింట్ల దాకా పడింది. అంటే నూటికి అయిదున్నర పైమాటే. మర్నాడు పొద్దున్న ఫోను తెరిస్తే నా మొత్తం లెక్కలో ఒక్కరోజుకి యాభై ఒక్క వేలు తరుగు. ఎర్రగా, పెద్దగా. కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది.

ఆ పూటే పామూరు నుంచి మొదటి బస్సుకి మా చిన్నాడపడుచు వచ్చింది. చెప్పులు విడుస్తూనే మొహం చూస్తే ఏదో పని మీద వచ్చిందని తెలుస్తూనే ఉంది.

"వదినా, పిల్లకి నర్సింగ్ ఆఖరి సంవత్సరం. బాకీ ఫీజు నలభై వేలు కడితే గానీ పరీక్షకు కూర్చోనివ్వరంట. ఉన్న డబ్బంతా బోరు కింద పోయింది. కంది చేతికి రాగానే మీకు తెచ్చిస్తాను" అంది.

నేనేం చేశానో తెలుసా? ఫోను తీసి చూపించాను. "నిన్న ఒక్కరోజే యాభై వేలు పోయిందమ్మా. ఇప్పుడు తీస్తే నష్టం. రెండు నెలలు ఓపిక పట్టగలవా?" అన్నాను.

ఆమె ఆ ఎర్ర అంకెను కళ్లు చికిలించి చూసింది. "అయ్యో, మీకూ కష్టమేనా వదినా!" అంది. నన్నే ఓదార్చింది. భోజనం చేసి వెళ్లమన్నా ఉండకుండా పదింటి బస్సుకే వెళ్లిపోయింది.

శుక్రవారం, అంటే జూన్ 7 నాటికి, సెన్సెక్స్ అంతకుముందు ఎన్నడూ లేనంత ఎత్తుకు ఎక్కి కూర్చుంది. నా ఎర్ర అంకె ఆయుష్షు మూడు రోజులు! వెంటనే ఫోన్ చేసి "డబ్బు పంపిస్తానమ్మా" అన్నాను. "వద్దులే వదినా, సర్దుకున్నాం" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఎలా సర్దుకున్నారో శ్రావణమాసంలో ఒక పెళ్లిలో తెలిసింది. ఆమె చేతులకు మట్టి గాజులే ఉన్నాయి. పుట్టింటివాళ్లు, అంటే మా అత్తగారు, పెళ్లినాడు పెట్టిన రెండు జతల బంగారు గాజులు లేవు. నన్ను చూసి కొంగు చేతుల మీదికి లాక్కుంది. ఆవిడ సిగ్గుపడింది. సిగ్గుపడాల్సింది నేను.

ఆ రాత్రి నిద్ర పట్టక కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను. లెక్కల పంతులమ్మని కదా, చేయవలసిన రోజున చేయని లెక్క అప్పుడు చేశాను. నేను పెట్టింది పన్నెండు లక్షలు. ఆ ఎర్ర అంకె కనిపించిన పొద్దున కూడా నా సొమ్ము విలువ పద్నాలుగు లక్షల ఎనభై వేలు. అంటే అంత పతనం తరవాత కూడా లాభంలోనే ఉన్నాను. నలభై వేలు తీసి ఇచ్చి ఉంటే, అంతకు ముందురోజు తీసినదానికంటే నాకు తగ్గేది పద్నాలుగు వందల లోపు. పద్నాలుగు వందలకు చూసుకుని ఒక ఆడమనిషి చేతి గాజులు తాకట్టుకు పంపాను.

నన్ను వేధిస్తున్న ప్రశ్న ఇదీ. నేను అబద్ధమాడానా? ఆడలేదు. యాభై ఒక్క వేలు తగ్గిన మాట నిజమే, ఫోను సాక్ష్యం. నేనూ దాన్ని మనసారా నమ్మాను. అయినా తప్పు జరిగింది. ఒక్క అబద్ధమూ లేకుండా, ఉన్న నాలుగు నిజాల్లో ఒక్కదాన్ని పట్టుకుని మిగతా మూడింటికీ మొహం చాటేస్తే, అది నిజం చెప్పడమేనా?

మనసు తీరే అంత అంటారు చదువుకున్నవాళ్లు. కానెమన్, ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1979లోనే దీని మీద రాశారు. వంద రూపాయలు దొరికిన సంతోషం కన్నా వంద పోయిన బాధ మనిషికి చాలా ఎక్కువట. కానెమన్‌కు 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఆ తరవాత 1995లో బెనార్ట్జీ, థేలర్ అనేవాళ్లు ఇంకో మెట్టు ముందుకు వెళ్లి, ఎంత తరచుగా చూసుకుంటే అంత ఎక్కువసార్లు నష్టం కంటబడుతుందనీ, అంత ఎక్కువగా జంకుతామనీ చెప్పారు. దూరపు కొండలు నునుపు అని మన పెద్దవాళ్లు ఊరికే అన్నారా! అయిదేళ్ల గీత చూస్తే మా పడమటి కొండల్లా నున్నగా పైకి పోతుంది. అదే గీతను రోజువారీగా చూస్తే భైరవకోన రాళ్లలో చెప్పుల్లేకుండా నడిచినట్టుంటుంది.

దసరాకి అమ్మాయి వచ్చినప్పుడు జరిగిందంతా చెప్పాను. అది కాసేపు మాట్లాడలేదు. తరవాత ఫోను తీసుకుని, "ఇందులో ఏది కనపడాలో ఏది కనపడకూడదో మనమే దిద్దుకోవచ్చమ్మా" అంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూపించింది. ఏ వరస పైన ఉండాలో, ఏది కింద ఉండాలో జరుపుకోవచ్చు. అక్కర్లేనిది తీసేయవచ్చు. ఫండ్లను వాటి అర్థంకాని పేర్లతో కాకుండా, ఏ పనికి దాచామో ఆ పేరుతో గుంపులు కట్టుకోవచ్చు. మూడేళ్లుగా ఆ ఫోను చూస్తున్నాను. ఎదురుగా ఉన్న వరసలు దేవుడు పెట్టినవేమో అన్నట్టు అలాగే ఉంచాను. ఎక్కడో ఎవరో, నేనెవరో తెలియనివాళ్లు, నా కంటికి ముందుగా ఏది పడాలో నిర్ణయించారు. దాన్ని బట్టి నేను మా ఆడపడుచుకి లేదన్నాను!

"అయితే ఆ ఒక్కరోజు మార్పు తీసేయవే" అన్నాను.

మావారు ఊరుకుంటారా? "బాగుంది! కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి ఇలాగే అనుకుంటుంది. అంకె దాస్తే నష్టం పోతుందా?" అన్నారు.

నవ్వేశాం గానీ ఆ మాట కొట్టిపారేయదగింది కాదు. చూడకపోవడం గొప్పేమీ కాదు. పదేళ్లపాటు ఎవరూ అడగని బ్యాంకు డిపాజిట్లను రిజర్వు బ్యాంకు ప్రత్యేక నిధికి మళ్లిస్తారు. ఎక్కడేం మరిచిపోయామో వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ అని ఒక వెబ్‌సైటే పెట్టవలసి వచ్చింది. ఆ మరిచిపోయిన సొమ్ము వెనక ఎన్ని ఇళ్ల కథలున్నాయో! మన ఆడవాళ్లలో ఎందరో "అవన్నీ ఆయనే చూసుకుంటారు" అని గర్వంగా చెప్పుకుని, ఆయన పోయాక ఏ కాగితం ఎక్కడుందో తెలియక బీరువాలన్నీ తిరగేస్తారు. నామినీగా ఎవరి పేరుందో కూడా తెలియదు. కాబట్టి చూడాలి. పాన్ నంబరు మీద ఫండ్లూ షేర్లూ కలిపి పంపే లెక్క పత్రం వస్తే, అది కూడా భార్యాభర్తలిద్దరూ కూర్చుని చదవాలి.

మరి ఏది చూడాలి, ఏది వద్దు? చాలా ఆలోచించి నాకు నేనొక చిన్న గీటురాయి పెట్టుకున్నాను. ఈ అంకె తెలిస్తే నేను చేయవలసిన పని ఏమైనా మారుతుందా? మారితే దాన్ని దాచడం నన్ను నేను మోసం చేసుకోవడమే. నామినీ పేరు, పెట్టిన సొమ్ము, మొత్తం విలువ, ఏ ఫండు ఏళ్ల తరబడి వెనకబడుతోందో, ఇవన్నీ ఉండాలి. పని మారకుండా నా మనసు మాత్రమే మారేటట్టయితే, అది నాకు తెలివి నేర్పే అంకె కాదు, నన్ను ఆడించే అంకె. ఒక్కరోజు మార్పు అలాంటిది. అది తీసేస్తే నేను పిల్లిని కాను. నష్టం మొత్తం విలువలో కనపడుతూనే ఉంటుంది, నెలకోసారి చూసినా.

మావారు ఒప్పుకున్నారో లేదో తెలియదు. "సరే, పాలు పొంగకుండా ఉంటే అదే పదివేలు" అన్నారు.

గుంపులు కట్టేటప్పుడు అమ్మాయి అడిగింది, ఏ పేర్లు పెట్టమంటావని. 'మందులు' అన్నాను. 'మనవడి చదువు' అన్నాను. కాస్త ఆగి, ఇంకో గుంపుకి 'అడిగినవాళ్లకి' అని పెట్టమన్నాను. అది విచిత్రంగా చూసింది. ఎక్కువ ఎగుడుదిగుళ్లు లేని లిక్విడ్ ఫండులో యాభై వేలు అందులో వేయించాను. తీసుకుంటే మామూలుగా మర్నాటి పనిదినానికి బ్యాంకులో పడుతుందట. లాభశాతం లెక్కలోకి దాన్ని కలపొద్దన్నాను. మా అమ్మ పలక మీది రెండో వరస నా ఫోనులో లేదని అప్పటికి తెలిసింది మరి.

ఇంత చేసినా తప్పు దిద్దుకున్నానని చెప్పుకోలేను. ఆ గుంపులో డబ్బు అలాగే ఉంది. మా ఆడపడుచు మళ్లీ ఏదీ అడగలేదు. వాళ్ల పిల్ల పరీక్ష పాసయి నెల్లూరులో ఒక ఆస్పత్రిలో చేరింది. మొన్న సంక్రాంతికి కనుమ నాడు అందరూ మా ఇంటికి వచ్చారు. గారెలు వడ్డిస్తుంటే చూశాను, ఆవిడ చేతులకు గాజులు మళ్లీ వచ్చాయి. పిల్ల తన జీతంలోంచి విడిపించిందట.

"బాగున్నాయమ్మా" అన్నాను.

"పాతవే కదా వదినా" అని నవ్వి, నా విస్తట్లో ఇంకో గారె వేసింది.