ముట్టకముందు ఎట్లుండె?

హైటెక్ సిటీ అంటే మీకు అద్దాల మేడలు గుర్తొస్తయి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనంక ఆ దారెంట లేచిన మేడల్లో ఒకదాని సెల్లార్‌లో, చిల్లర్ల పక్క గదిలో నా బల్ల. పైన కూసున్నోళ్లకు చల్లగాలి ఆగొద్దంటే కింద చల్లనీళ్ల పైపుల్లో ఒత్తిడి సరిగ్గా ఉండాలె. ఆ ఒత్తిడిని కరెంటుగా మార్చి చెప్పేది ప్రెషర్ ట్రాన్స్‌మిటర్. అది నిజం చెప్తున్నదా లేదా చూసేది నేను. మాదిగోళ్ల పిల్లగాణ్ణి. ఐటీఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ చదివిన.

ట్రాన్స్‌మిటర్‌ను పైపు నుంచి ఇప్పి బల్ల మీద బిగిస్తం. చేతిపంపుతో గాలి కొడితే ఒకే ఒత్తిడి దానికీ, పక్కనున్న క్యాలిబ్రేటర్‌కూ పోతది. 10 బార్ల దాకా కొలిచేదైతే సున్నాకు 4 మిల్లీఆంపియర్లు, 5 బార్లకు 12, పదికి 20 రావాలె. సున్నాకు 4 ఎందుకంటరా? వైరు తెగితే వచ్చేది సున్నా. ఏమీ లేనోనికీ సచ్చినోనికీ తేడా తెలవాలె గద!

సరిచేసుడు తరువాత. ముట్టకముందు ఎట్లున్నదో రాసుడు మొదటి పని. యాజ్ ఫౌండ్ అంటరు.

ఒకనాడు 5 బార్లకు 12.24 చూపింది. నూటికి ఒకటిన్నర తప్పు. మాకు అర దాకనే మాఫీ. సరిచేసిన. సూపర్‌వైజర్ వచ్చి, "ఇప్పుడు సరైంది గదయ్యా, పాత తప్పెందుకు? రెండు గళ్లల్లా 12 వెయ్యి" అన్నడు.

ఆరునెల్ల కిందటి కాగితం మీద సంతకం నాదే. వేరేటోళ్లు చూసిన మీటరు జరిగితే అది మిషన్ తప్పు. నేను చూసింది జరిగితే కోటా తప్పు. క్యాంటీన్‌లో నా చెవులతో విన్న మాట ఇది. మరి నాలాంటోడు దాస్తే పాపమా? నిజం చెప్పాలంటే చెయ్యి ఆగింది. 12 అని వేస్తే నన్ను అడిగేటోడు లేడు.

కానీ ఆ గడి ఊరికే లేదు. ఆరునెల్లు ఏ లెక్కను నమ్మినమో, మళ్లా ఎన్నాళ్లకు చూడాలెనో చెప్పేది అదే. "ఇప్పుడు కులమెక్కడిది, అంతా సరైంది గద" అనేటోళ్లు చేసేదీ ఇదే. మా యాజ్ ఫౌండ్ గడి ఖాళీగా ఉండాలె, ఇయ్యాలటి రీడింగే చూడాలె. నా క్యాలిబ్రేటర్ సుత ఏటేటా ల్యాబుకు పోతది. ఆ ల్యాబు కొలతలు ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ దాకా లెక్క చెప్పాలె. మెరిట్ కొలిచేటోళ్ల కొలబద్దకు సర్టిఫికెట్ ఎవరిచ్చిన్రు?

నాయిన డప్పు కాపేటప్పుడు ముందు ఒక దెబ్బ వేసి, "మెత్తబడ్డది" అని నలుగురి ముందరే అనేటోడు. ఆ తర్వాతనే మంట దగ్గర పెట్టేటోడు.

12.24 అని రాసిన. సూపర్‌వైజర్ దాని మీద సంతకం పెట్టెటందుకు రెండు రోజులు పట్టింది.