పాదోదకము - గ్రామోదకము

ఆషాఢము గడచి శ్రావణము ప్రవేశించినంతనే వీరశైవ మఠములలో నూతన చైతన్యము కలుగును. బసవపురాణ ప్రవచనములు, సోమవార లింగార్చనలు, సామూహిక దాసోహములు నెల పొడుగునను జరుగును. దూరగ్రామముల నుండి భక్తులు సకుటుంబముగా వచ్చి, గురుదర్శనము చేసికొని, పాదోదక ప్రసాదములు స్వీకరించి ధన్యులై మరలుదురు. అయితే అదే మాసమున, అవే గ్రామములకు పిలువని అతిథి యొకటి వచ్చుచుండును. అది అతిసారము. కొత్తనీరు బావులలోనికి దిగిన కొలది దినములకే వాంతులు, విరేచనములు ఒక యింట మొదలై వీధికంతటికి ప్రాకుట పల్లెలకు తెలియని సంగతి కాదు. దానికి మొదట చిక్కువారు పసిబిడ్డలు, పిదప వృద్ధులు.

పుణ్యమాసమును, వ్యాధికాలమును ఇట్లు ఒక్కటిగా వచ్చుటయందు భక్తులు ఆలోచింపదగిన విషయమొకటి కలదు. ఆ రెండింటికిని నీరే ఆధారము.

గురువు, లింగము, జంగమము, పాదోదకము, ప్రసాదము, విభూతి, రుద్రాక్ష, మంత్రము అనునవి అష్టావరణములు. శివభక్తుని కాపాడు ఈ ఎనిమిది కవచములలో జలమునకు చోటు దొరకుట సామాన్య విషయము కాదు. ఇచ్చట కొందరికొక సందేహము కలుగును. భక్తితో స్వీకరించు నీరు పవిత్రమే గదా, దానిని మరిగించుటయు, అందు మందు కలుపుటయు విశ్వాసలోపము కాదా యని. ఈ సందేహము భక్తి వలన పుట్టినదే గాని విచారము వలన పుట్టినది కాదు. పాదోదకమునకు పవిత్రత గురు లింగ జంగమ సంబంధము వలన కలుగును. అది భక్తుని మనోమలమును కడుగును. నీటియందలి వ్యాధిక్రిమిని నశింపజేయుట మనుష్యుని కాయకము. లింగము నిత్యశుద్ధమని యెరిగియు భక్తుడు స్నానము చేయక పూజకు కూర్చుండడు. అభిషేక జలమును వడగట్టి తెచ్చువాడు, జంగమమునకిచ్చు నీటియందు ఉపేక్ష వహించుట తగదు.

బసవేశ్వరుడు అంతరంగ బహిరంగ శుద్ధులను రెండింటిని నడవడియందే చూపెను. పరధనమును హరింపకుండుట, ప్రాణిని హింసింపకుండుట, అసత్యము పలుకకుండుట మొదలగునవే ఆయన దృష్టిలో శుద్ధి. ఈ బోధను బావిగట్టున నిలిపి చూడవలెను. పదిమంది త్రాగు బావి ప్రక్కన పశువులను కడిగినవాడు, చెరువుగట్టును మలవిసర్జనకు వాడినవాడు, బిడ్డ మలమును వీధికాలువలో పారవైచినవాడు ఎవరిపైనను చేయెత్తలేదు. అయినను పొరుగింటి బిడ్డ ప్రాణమునకు ముప్పు తెచ్చినాడు. ఆయుధము లేకయే జరిగిన హింస యది. శివభక్తుడు విడువవలసిన హింసలలో ఇదియు నొకటి.

తేటగా నున్న నీరు మంచినీరే యను భ్రమ లోకమున బలముగా నున్నది. 1854లో లండన్ నగరమున సోహో ప్రాంతమందు కలరా చెలరేగి కొలది దినములలో వందలాది మంది మరణించిరి. చెడుగాలి వలన ఆ వ్యాధి కలుగునని నాడు పెక్కుమంది పండితుల నమ్మకము. జాన్ స్నో యను వైద్యుడు మృతుల యిండ్లను విచారించి, వారిలో అధికులు బ్రాడ్ వీధి పంపునీరు త్రాగినవారని కనుగొనెను. ఆయన మాటపై ఆ పంపు పిడిని తొలగించిరి. సమీపమందలి మురుగుగుంట నుండి మలినము ఆ ఊటలోనికి ఇంకినదని తరువాత తేలినది. కంటికి కనబడని మలినము కంఠము దిగిన పిదప గాని తన స్వరూపము చూపదు. ఇప్పుడు పెక్కు గ్రామములకు కుళాయినీరు వచ్చుచున్నను భయము తీరలేదు. గొట్టము మురుగుకాలువను దాటుచోట పగులు ఏర్పడినచో, నీటి సరఫరా ఆగినప్పుడు ఆ మురుగు లోనికి చేరును.

కావున శ్రావణ దీక్షకు ముందే జలదీక్ష పూనవలెను. బావికి ఒరయు, చుట్టును గచ్చుచప్టాయు, చిందిన నీరు దూరముగా పోవుటకు కాలువయు నుండవలెను. చేదను బురదలో పెట్టరాదు. 1,000 లీటర్ల నీటికి రమారమి 2.5 గ్రాముల మేలైన బ్లీచింగు పొడి కావలెను. రెండు మీటర్ల వెడల్పు గల గుండ్రని బావిలో మూడు మీటర్ల లోతు నీరున్నచో అది ఇంచుమించు 9,400 లీటర్లగును. దానికి 24 గ్రాముల పొడి చాలును. పొడిని బకెట్టు నీటిలో కలిపి, సున్నము అడుగునకు దిగిన పిదప పైతేటను మాత్రము బావిలో కలిపి, కనీసము ఒక గంట సేపు నీరు తోడకుండవలెను. రాత్రివేళ చేసిన మరియు మంచిది. ఇంటియందు నీటిని తెర్లునట్లు మరిగించి, చల్లార్చి, మూతగల పాత్రలో నుంచి, పొడుగు కాడగల గరిటెతో తీసికొనవలెను. మలవిసర్జన తరువాతను, వంటకును భోజనమునకును ముందును సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఇది నీచమైన పని యని ఎవ్వరును తలంపరాదు. మడివాళ మాచిదేవుడు ఇతరుల మైలబట్టలుదుకుటనే శివకాయకముగా ఆచరించి శరణులలో అగ్రగణ్యుడయ్యెను. బావిగట్టును కడుగుటయు అట్టి కాయకమే.

దాసోహము జరుపు మఠములకు బాధ్యత మరింత అధికము. ప్రసాదమును పారవేయరాదను నియమము గొప్పదే. కాని ఆ నియమమునకు భయపడి మిగిలిన అన్నమును మరునాటికి దాచి, వానకాలపు ఉక్కలో పులిసినదానిని భక్తులకు వడ్డించుట ప్రసాదమునకే అపచారము. లెక్క చూచి వండుట, వేడిగా వడ్డించుట, ఆ పూటకే ముగించుట సరియైన మార్గము. విరేచనములతో బాధపడువారు, ఎంత భక్తులైనను, స్వస్థులగువరకు వంటయింటి సేవకు దూరముగా నుండవలెను.

ఇంత జాగ్రత్త వహించినను వ్యాధి రావచ్చును. అప్పుడే అసలు పరీక్ష. విరేచనములగుచున్న బిడ్డకు నీరిచ్చిన అవి హెచ్చునని, పాలు మాన్పించి కడుపు ఎండగట్టవలెనని కొన్ని యిండ్లలో పెద్దలు చెప్పుదురు. వారు ప్రేమతోనే చెప్పుదురు. కాని బిడ్డ ప్రాణము తీయునది ఆ యెండుటయే. విరేచనముతో దేహమందలి నీరును, ఉప్పును పోవుచుండగా, వానిని తిరిగి పోయకున్న బిడ్డ నిలువదు.

1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధకాలమున లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాలునకు వచ్చిరి. బనగాం శిబిరమున కలరా ప్రబలి, నరములకు ఎక్కించు సెలైను చాలకపోయెను. డాక్టరు దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి ముప్పది వరకు నున్న మరణములు నూటికి నాలుగింటికి లోబడినవి. 2023లో ఆయనకు మరణానంతరము పద్మవిభూషణ పురస్కారము లభించినది. నిత్యము "శరణు శరణార్థి" యని పలుకరించుకొను సమాజమునకు ఆ శరణార్థుల కథ పరాయిది కాదు.

ఆ జలమే నేడు ఓ.ఆర్.ఎస్. పొట్లముగా ఆరోగ్య కేంద్రములలోను, ఆశా కార్యకర్తల యొద్దను లభించుచున్నది. పొట్లము మీద వ్రాసిన కొలత ప్రకారము కాచి చల్లార్చిన నీటిలో కలిపి, 24 గంటలలోపల వాడవలెను. పొట్లము దొరకనిచో లీటరు నీటిలో తలకొట్టిన 6 చిన్నచెంచాల పంచదారయు, అర చిన్నచెంచా ఉప్పును కలుపవలెను, ఉప్పు మించరాదు. విరేచనమైన ప్రతిసారియు కొంచెము కొంచెముగా త్రాగించవలెను. వాంతియైనచో పది నిమిషములాగి మరల మెల్లగా ఈయవలెను. చనుబాలు మాన్పరాదు, ఆహారమును మాన్పరాదు. జింకు మాత్రలు వైద్యులు చెప్పినట్లు 14 దినములు ఈయవలెను. బిడ్డ కన్నులు గుంటలు పడినను, మగతగా నున్నను, త్రాగలేకున్నను, మలమున రక్తము కనబడినను క్షణమాలస్యము చేయక ఆసుపత్రికి గొంపోవలెను. దారిలో కూడ త్రాగించుట మానరాదు.

ఆసుపత్రికి పోవుట భక్తిలోపము కాదు. ఇష్టలింగమును ధరించిన దేహము శివుని ఆలయము. ఆలయపు గోడ కూలుచుండగా భక్తుడు మంత్రము జపించుచునే గోడకు ఆసరా నిలుపును గాని చేతులు కట్టుకొని చూడడు. తల్లి కుడిచేత బిడ్డ నుదుట విభూతి ధరింపజేసి, ఎడమచేత ఉప్పు పంచదారల నీటిగిన్నెను అందుకొనవచ్చును. ఆ రెండు చేతులకును నడుమ విరోధము లేదు.

మఠమున పాదోదకము పుచ్చుకొనుటకు చాచిన చేతులు ఇంటికి మరలిన పిదప గ్రామోదకమును కాపాడవలెను. ఏ యూర బిడ్డలు వానకాలమును క్షేమముగా దాటుదురో, ఆ యూర శ్రావణ వ్రతము సఫలమైనట్లే.

శరణు శరణార్థి.