ఊరు మాట్లాడని రోజులు

మనకి నమ్మకం లేని నియమాన్ని మనం పాటించాలా? గుడి ముందు చెప్పులు విప్పడానికి ఎవరూ వాదన పెట్టుకోరు. పక్కింట్లో పరీక్షలకి చదివే పిల్లాడుంటే మన టీవీ గొంతు తగ్గిస్తాం. అంతవరకూ బాగానే ఉంది. కాని ఏదో ఊరివాళ్ళు, మనల్ని పల్లెత్తు మాట అనకుండా, తమంతట తాము నోరు కట్టుకుని కూర్చుంటే, ఆ దారిన పోయే మనకి దాంతో నిమిత్తం ఉందా, లేదా? ఈ సందేహం నాకు వేదాంత గ్రంథాలు తిరగేసి రాలేదండీ. మనాలీలో, అద్దె కారులో, మావాడు పెట్టించిన సినిమా పాట వల్ల వచ్చింది.

కనుమ వెళ్ళిన మర్నాడు. పొద్దున్నే మనాలీలో బయల్దేరి, సోలంగ్ లోయ చూసుకుని, అటల్ సొరంగం గుండా అవతల లాహుల్‌లో ఉన్న సిస్సు దాకా వెళ్ళి, చీకటి పడేలోగా వచ్చెయ్యాలని మావారి ఏర్పాటు. అత్తయ్యగారు రెండు స్వెట్టర్లూ, వాటి మీద శాలువా, ఆ పైన కొడుకు పాత కోటూ తొడుక్కుని, అరిసెల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. దారి పక్కన బియాస్ నది. దేవదారు చెట్ల మీద, ఇళ్ళ కప్పుల మీద, ఆగి ఉన్న లారీల మీద మంచే మంచు. పాపం, మన భాషలో పొగమంచుకీ, ఆకు మీది బిందువుకీ, ఈ తెల్లటి కొండకీ అదే మాట. చూడనిదానికి వేరే పేరు ఎవరు పెడతారు!

పల్చాన్ అనే ఊరు దగ్గర పడగానే డ్రైవరు చెయ్యి చాచి పాట ఆపేశాడు.

"ఎందుకు భాయీ?" అన్నాడు మావాడు.

అతను చెప్పింది ఇదీ. మకర సంక్రాంతి నుంచి నలభై రెండు రోజులు ఇక్కడి తొమ్మిది ఊళ్ళు చప్పుడు చెయ్యవు. గోశాల్, సోలంగ్, పల్చాన్, కోఠీ అన్నీ అందులోవే. ఆ రోజుల్లో గౌతమ మహర్షి, వ్యాసుడు, కాంచన నాగు దేవలోకానికి వెళ్ళి తపస్సులో ఉంటారని నమ్మకం. ఇళ్ళలో టీవీ, రేడియో పెట్టరు. ఫోన్లు మోగవు. పొలంలో మట్టి కదపరు. గుడిలో గంట కూడా కొట్టరు. మనకి గంగిరెద్దుల సన్నాయీ, కోడిపందాల కేకలూ మిన్నంటే పండగనాడే వాళ్ళకి మౌనం మొదలన్నమాట!

అత్తయ్యగారు చటుక్కున లేచి కూర్చున్నారు. "గౌతముడంటే మన గోదారిని తెచ్చినాయనే కదర్రా!" ఆవిడది కోనసీమ. ఆవిడకి ఇక వాదనతో పని లేకపోయింది. "మరి చంటిపిల్లలు ఏడిస్తే ఎలా నాయనా?" అని మాత్రం అడిగారు. ఏడుపుకి అడ్డులేదట.

మావాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. తేలిగ్గా వదలడు. "నమ్మేవాళ్ళు నోరు మూసుకోవచ్చు. రోడ్డు అందరిదీ. ఇవాళ పాట వద్దంటారు, రేపు ఇంకో ఊరు ఎర్రచొక్కా వద్దంటుంది. ఎక్కడికక్కడ తల వంచుకుంటూ పోతే మన తల మనకి మిగుల్తుందా?" అన్నాడు.

వాడి మాటని నేను తోసెయ్యలేను. ఆచారమన్న ఒక్క ముక్క చెప్పి ఆడదాన్ని మూడు రోజులు వాకిట్లో కూర్చోబెట్టిన ఇళ్ళు నాకు తెలుసు. దాన్ని గౌరవించమంటే గౌరవించను. ఎవరి ఊళ్ళో అయినా సరే. నమ్మకం కదా అని ప్రతిదానికీ చేతులు జోడించడం మంచితనం కాదు, ఒక రకం బద్ధకం.

అయితే ఆ ఆచారంలో బరువు మోసేది ఒకరు, పుణ్యం దక్కేది ఇంకొకరు. ఇక్కడ అలా కాదు. వీళ్ళు ముందు తమ టీవీ కట్టేసుకున్నారు, తమ దేవుడి గంట తామే ఆపుకున్నారు. మనల్ని అడిగిందేమీ లేదు. అడిగితే ఎదిరించవచ్చు. అడగనివాళ్ళని ఎలా ఎదిరిస్తాం? నిజానికి ఆ లోయకి మౌనం కొత్త కూడా కాదు. కొత్తగా పడ్డ మంచులో గాలే ఎక్కువ. ఆ సందుల్లో చప్పుడు ఇంకిపోతుంది. పది గజాల అవతల మనిషి పిలిచినా దూరంగా వినిపిస్తుంది.

సోలంగ్ చేరాక నా తర్కం కొంచెం తడబడిందనే చెప్పాలి. అక్కడ మంచు మీద నడిచే స్కూటర్ల రొద, ఫొటోల కోసం కేకలు. బొంతల్లాంటి కోట్లూ, గమ్ బూట్లూ అద్దెకిచ్చేది, చిన్న పిల్లల్ని చెక్కబండి మీద లాక్కెళ్ళేది ఆ చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళే. శీతాకాలంలో మట్టి కదపకూడనివాళ్ళకి మా గోలే పంట. బూట్ల అద్దె దగ్గర మావారు గట్టిగా బేరమాడితే, అతను మాత్రం గొంతు పెంచకుండా, రూపాయి తగ్గించకుండా, నవ్వుతూ నిలబడ్డాడు. గోల పోవాలని అతను కోరుకుంటున్నాడా? నేను అడగలేదు. అడిగినా, బూట్లు తొడిగించుకుంటున్న మనిషికి ఏం జవాబు చెబుతాడు!

సొరంగం సంగతీ అంతే. తొమ్మిది కిలోమీటర్ల పై చిల్లర పొడవు, 2020 అక్టోబరులో తెరిచారు. అంతకుముందు రోహ్‌తాంగ్ కనుమ మంచుతో మూసుకుపోతే లాహుల్ జనం ఏటా ఆర్నెల్ల వరకూ లోకానికి దూరం. పురిటి నొప్పులొచ్చినా, గుండె నొప్పొచ్చినా హెలికాప్టరు కోసం ఆకాశం కేసి చూడవలసిందే. ఇప్పుడు రోగి ఇటు వస్తాడు, మనం అటు వెళ్తాం. ఒకే దారి. మా కారు అవతలికి తేలగానే చంద్రా నది లోయంతా తెల్లగా మెరుస్తూ కనిపించి, పిల్లలు కేకలు పెట్టారు. కేకలు పెట్టొద్దని నేనేమీ అనలేదు. అంత అందం చూసి కిక్కురుమనకుండా ఉండాలంటే వయసు రావాలి.

ఫిబ్రవరి ఆఖర్లో గోశాల్ గుడి తలుపులు తీస్తారట. లోపల ముందే పరిచి ఉంచిన మట్టిలో ఏం కనిపిస్తుందో చూస్తారట. పువ్వయితే శుభం, గింజయితే పంట, బొగ్గయితే నిప్పు భయం. మావాడు ఆ రోజు గుర్తుపెట్టుకుని డ్రైవరుకి ఫోను చేశాడు. నమ్మకం కుదిరి కాదు లెండి, ఏం వచ్చిందో తెలుసుకోవాలని. ఆ అబ్బాయి మొదటి గంటకే పలికాడట.