దయయా? ఋణమా?

శంషాబాదు విమానాశ్రయమున నడువలేని వృద్ధుడు దిగినయెడల, అతనికొరకు చక్రముల కుర్చీ సిద్ధముగా నుండును. దానిని త్రోయుటకు మనిషియు నుండును. అట్టివానివద్ద రుసుము గైకొనరాదని నియమము గలదు. కావున నాతడు ఎవ్వరికిని చేతులు జోడింప నక్కరలేదు.

సుమారు 5,500 ఎకరముల భూమిలో నా విమానాశ్రయము 2008వ సంవత్సరమున తెరువబడినది. దాని ప్రహరికి వెలుపల, అదే వయసుగల బీదవృద్ధుడు బజారునకు బోవలెనన్న ఇరుగుపొరుగువారి దయకై కనిపెట్టుకొని యుండవలసినదే. లోపల హక్కయినది వెలుపల భిక్ష యేల కావలెను?

"పింఛను ఇచ్చుచున్నారు గదా!" యని కొంద రందురు. నిజమే. 2014లో ఆసరాపేర 1,000 రూపాయలతో మొదలైన వృద్ధుల పింఛను 2019లో 2,016 రూపాయలైనది. అది మేలైన పనియే. కాని రూపాయలు మంచమున బడినవానిని లేవదీసి కూర్చుండబెట్టవు. చూపులేని బాలునకు వ్రేళ్లతో తడవి చదువుట నేర్పవు. అందుకు మనుష్యులు కావలయును. వారు పెక్కుచోట్ల సేవాసంస్థలలోనే యున్నారు. ఈ ప్రాంతముననే, ముచ్చింతలలో, అంధవిద్యార్థులకై నేత్రవిద్యాలయ మున్నది. ఇట్టి సేవలకు దాతలే యాధారమైనచో చిక్కొకటి గలదు. దాత తన పెండ్లిరోజున అన్నము పెట్టును. మరునాటి యన్నము, ఆయా జీతము, మందుల వెల ఎవరు పెట్టుదురు?

కొడుకులు చూడవలెనందురా? చూడవలసినదే, 2007నాటి చట్టమును అట్లే చెప్పినది. కాని రాత్రిపాళీ పనికి బోవు కొడుకు తల్లికడ నెట్లు కూర్చుండును? ఆ చట్టమే, 150 మంది దిక్కులేని వృద్ధులకు తావుండు ఆశ్రమము జిల్లాకొకటియైన నుండవలెననియు తలచినది. భారము ఇంటిదియు, ఊరిదియు.

ఇది క్రొత్తమాట కాదు. దిక్కులేని వృద్ధులను, ఆర్తులను పోషించుట రాజునకు విధియని కౌటిల్యుడు చెప్పెను. మన రాజ్యాంగమునకు 1992లో జరిగిన 74వ సవరణ, వికలాంగుల మేలు చూచుటను పురపాలక సంఘముల కప్పగింపదగిన పనులలో జేర్చినది. శంషాబాదు 2018లో పురపాలక సంఘమైనది. పాలనకు పేరు మారవచ్చును, ఎల్లలు మారవచ్చును. ఆ విధి మారదు.

అయితే పన్నుసొమ్ము పంచినంతనే భిక్ష హక్కుగా మారదు. ఇంగ్లండున 1601నాటి చట్టము పేదల పోషణకై ఊరూర పన్ను విధించినది. ఆ దేశముననే 1834 పిమ్మట, సాయము కోరినవారిని శ్రమశాలలలో నుంచి సిగ్గుపరచిరి. ధనము ఊరిదే, గౌరవము మాత్రము లేకపోయెను.

కావున మూడు పనులు జరుగవలెను. పన్నులో నింతభాగ మీ సేవలకని ఏటేట ముందుగనే నిర్ణయింపవలెను. అప్పుడు సంస్థ అధికారి గుమ్మమున పడిగాపులు గాయదు. వ్యయమైన ప్రతి రూపాయికిని లెక్క బహిరంగముగా నడుగవలెను. అప్పుడు సేవపేర వ్యాపారము సాగదు. సేవ యెట్లున్నదని మొట్టమొదట ఆ వృద్ధులనే, ఆ వికలాంగులనే యడుగవలెను. ఇది మనము తరచుగ మరచునది.

నలుబదియేండ్లు దాటిన నేను, నేడు కట్టు ఇంటిపన్నును రేపటి నా చేతికఱ్ఱకు వాయిదాగా నెంచుచున్నాను. చదువరులును అట్లే యెంచుదురుగాక. ఋణము తీర్చువాడు గర్వింపడు. రావలసినది పుచ్చుకొనువాడు తలవంపడు.