అస్తరు ధర

తెలంగాణ ఊళ్ళల్లో అంబేద్కర్ విగ్రహం మీది నీలం సూటు ఎవరికీ ఆడంబరంగా అనిపించదు. ఎవరు ఏ బట్ట కట్టాలో కులం చెప్పిన చోట ఆ సూటు ఒక జవాబు. పైకి కనబడటంలో కూడా నీతి ఉంటుందని దాన్ని చూస్తే అర్థమవుతుంది. నా ప్రశ్న మాత్రం సూటు లోపలి వైపు గురించి. ఎవరూ చూడని చోట చవక గుడ్డ వెయ్యడం మోసమేనా?

వేస్ట్‌కోటునే తీసుకోండి. ముందు భాగం ఖరీదైన సూటు బట్ట, వీపు భాగం అస్తరు గుడ్డ. పైన కోటు ఉంటుంది కదా, ఎవరు చూస్తారులే అని బట్ట మిగుల్చుకున్నట్టే ఉంటుంది. కానీ వీపు కూడా ఉన్ని బట్టతో కుడితే కోటు దానికి పట్టుకుని ముడతలు పడుతుంది, పైగా ఉక్కపోత. పల్చగా జారే గుడ్డ ఉంటేనే కోటు దాని మీద హాయిగా కదులుతుంది. కాబట్టి అక్కడ చవక గుడ్డకి ఒక పని ఉంది, ఆ పని అది బాగా చేస్తోంది.

కోటు ఛాతీ దగ్గర కథ కొంచెం చిక్కు. పాత పద్ధతిలో పై బట్టకీ అస్తరుకీ నడుమ గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన కాన్వాస్ పెట్టి, చేత్తో చిన్న చిన్న కుట్లు వేస్తారు. దానికి రోజులు పడుతుంది. ఫ్యూజింగ్ అయితే జిగురు చుక్కలున్న గుడ్డని వేడి ప్రెస్సుతో అంటించేస్తారు. సరిగ్గా అంటకపోతే కొన్ని డ్రైక్లీనింగుల తర్వాత ఛాతీ మీద బుడగలు లేస్తాయి. అయినా జిగురు పాపం కాదు. జగిత్యాలలోనో కోరుట్లలోనో రిసెప్షన్ కోసం సూటు కుట్టించుకునే పిల్లవాడు దాన్ని మళ్ళీ ఎన్నిసార్లు వేసుకుంటాడు? అతనికి జిగురు కోటు చాలు. అది జిగురుదని చెప్పకుండా కాన్వాస్ కూలి తీసుకుంటేనే తప్పు.

ఇక్కడిదాకా లెక్క తేలికే. అస్తరు విప్పి చూపించినా దర్జీ తన మాట మీద నిలబడగలిగితే అది నిజాయితీ పని. కానీ ఈ పరీక్ష దర్జీకే పెట్టి ఊరుకుంటే మనం తప్పించుకున్నట్టే.

సూటుకి అస్తరు ఎట్లాగో చీరకి లోపలి లంగా అట్లా. ఆ లంగాల కాటన్ గుడ్డ, దాంతోపాటు పాలియెస్టర్ గుడ్డ ఎక్కువగా నేసే ఊరు సిరిసిల్ల. అక్కడ మరమగ్గాల్ని సాంచాలంటారు. యజమాని నూలు ఇస్తే ఆసామి తన సాంచాల మీద కూలికి నేయిస్తాడు. సాంచా నడిపే కార్మికుడికి నేసినదాన్ని బట్టే డబ్బులు, అదీ పైసల లెక్కలో. లంగా గుడ్డ ఎక్కడ నేశారని దుకాణంలో ఎవరూ అడగరు. అడగనిదానికి పేరుండదు, పేరు లేనిదానికి రేటు పెరగదు.

2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల పంపిణీ మొదలుపెట్టినప్పుడు నాసిరకమని కొన్నిచోట్ల ఆడవాళ్ళు చీరలు తగలబెట్టారు. సూరత్ నుంచి తెచ్చినవెన్ని, సిరిసిల్లవెన్ని అన్న చర్చ రాష్ట్రమంతా జరిగింది. పైన కట్టే బట్ట కాబట్టి ఎవరు నేశారని అడిగారు. ఆ తర్వాత ఏటా వచ్చిన ఆర్డర్లు ఊరికి పని ఇచ్చాయి. 2024 మొదట్లో ఆర్డర్లు లేక సాంచాలు ఆగినప్పుడు ఆ ఊరి పేరు మళ్ళీ ఆత్మహత్యల వార్తల్లో వినబడింది. లంగా గుడ్డ బాలేదని గానీ, బాగుందని గానీ ఏనాడైనా చర్చ జరిగిందా?

అస్తరు కనబడకపోవడం దాని స్వభావం. దాన్ని నేసినవాడు కనబడకపోవడం మాత్రం మనం చేసుకున్న ఏర్పాటు. గుడ్డ చవక అవ్వాలంటే నూలు మార్చొచ్చు, నేత పల్చన చెయ్యొచ్చు. కూలి తగ్గించి చవక చేసినప్పుడు అది గుడ్డ గుణం కాదు, ఒకరి దగ్గర తీసుకున్నది. దర్జీకి పెట్టిన పరీక్షలో మనమూ కూర్చోవాలి. లోపలి గుడ్డకి మనం ఇస్తున్న ధరని దాన్ని నేసినవాడి ముందు నిలబడి చెప్పగలమా?